సూదుల మీద సాక్సు: మడమ దగ్గరే అసలు లెక్క

పోయిన డిసెంబరులో హన్మకొండలో ఒక పెళ్లికి వెళ్లాం. ముహూర్తానికి ఇంకా రెండు గంటలుందన్నారు. నేను సంచిలోంచి ఐదు సన్నటి సూదులు, వాటి మీద సగమైన సాక్సు తీశాను. పది నిమిషాల్లో చుట్టూ నలుగురు చేరారు. "క్రోషానా వదినా ఇది?" అని ఒకామె. "మన ఎండలకు ఊలు సాక్సులు ఎవరేసుకుంటరు?" అని పెళ్లికొడుకు మేనత్త. "చౌరస్తల వందకు మూడు జతలిస్తుండు గదా" అని ఇంకొకరు. వరంగల్‌లో నేతపనివాళ్లుండే కొత్తవాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం ఏమీ అనకుండా ఆ గుడ్డను బొటనవేలితో తడిమి చూసి, "అంగుళానికి ఎన్ని?" అని అడిగాడు.

ఫోన్లో తిరిగే చిన్న వీడియోలు చూసి ఈ మధ్య మా చుట్టుపక్కల కొందరు సూదులు కొన్నారు. నాకు తెలిసినవాళ్లలో ఎక్కువమంది మడమ దాకా వచ్చి ఆపేశారు. వీడియోలో ముప్పై సెకన్లలో అయిపోయే చోటే అసలు చిక్కంతా ఉంది. ఆ రోజు పెళ్లి హడావిడిలో సగం సగం చెప్పిన జవాబులు ఇక్కడ తీరిగ్గా చెప్తాను.

నేత వేరు, అల్లిక వేరు, అల్లికలోనూ రెండు రకాలు

తెలుగులో 'అల్లడం' అనే ఒక్క మాటతో చాలా పనులు చెప్పేస్తాం. జడ అల్లుతాం, పూలు అల్లుతాం, నులక మంచం అల్లుతాం, వైరు బుట్ట అల్లుతాం, స్వెట్టర్ కూడా అల్లుతాం. లేనిపోని కథలు అల్లేవాళ్లు సరేసరి. అందుకే చేతిలో ఊలుండ కనిపిస్తే అది క్రోషానా, నిట్టింగా అన్న అనుమానం రావడంలో తప్పేం లేదు.

ముందు నేత సంగతి. కొత్తవాడ మగ్గాల మీద జంపఖానా నేసేటప్పుడు రెండు వరసల దారాలుంటాయి. నిలువుగా బిగించి ఉండేది పడుగు, దాని సందుల్లోంచి అడ్డంగా పోయేది పేక. రెండూ దాదాపు తిన్నగా ఉంటాయి కాబట్టి ఆ గుడ్డ గట్టిగా ఉంటుంది, లాగితే సాగదు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీల, అంటే ఈ జంపఖానాల, గట్టిదనం ఇలా వచ్చిందే.

నిట్టింగ్‌లో మగ్గమూ లేదు, పడుగూ లేదు. ఉన్నది ఒకటే దారం. దానితో ఒక ఉచ్చు వేసి, ఆ ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగుతారు. గుడ్డంతా ఇలా ఒకదాని మెడలో ఒకటి చెయ్యి వేసుకున్న ఉచ్చులే. ఒక వరసలోని ఉచ్చులన్నీ ఒకేసారి సూది మీద తెరుచుకుని ఉంటాయి. సూది జారిందా, ఒక ఉచ్చు ఊడుతుంది, దాని కిందది, ఆ కిందది ఊడుకుంటూ మొదలు దాకా పోతాయి. దారం ప్రతి చోటా వంపు తిరిగి ఉండడం వల్ల, లాగినప్పుడు ఆ వంపు కొంచెం విచ్చుకుంటుంది, వదిలేస్తే మళ్లీ ముడుచుకుంటుంది. ఇంట్లో ఉన్న బనీనును, చొక్కాను పక్కపక్కన పెట్టి అడ్డంగా లాగి చూస్తే తేడా తెలిసిపోతుంది. చొక్కా నేత, బనీను నిట్టింగ్. మడమ మీదుగా ఎక్కి, మళ్లీ చీలమండకు అతుక్కోవాల్సిన సాక్సుకు ఈ సాగే గుణం లేకపోతే పని జరగదు.

క్రోషాలో సూదులకు బదులు ఒక కొక్కెం ఉంటుంది. ఒక ఉచ్చు పని పూర్తిగా ముగించాకే తర్వాతి దానికి పోతారు కాబట్టి చెయ్యి వదిలేసినా ఒక్క ఉచ్చుకు మించి ఊడదు. టీవీ మీది కవర్లు, నరసాపురం లేసులు ఈ కొక్కెం పనే. క్రోషాతో సాక్సులు రావని కాదు, వస్తాయి. కానీ అదే దారంతో చేసినా గుడ్డ మందంగా వస్తుంది, సాగడం తక్కువ. ఇంట్లో వేసుకోవడానికి ఫర్వాలేదు, బిగుతు షూలో మాత్రం ఒత్తుకుంటుంది.

ఇంకో మాట. చౌరస్తాలో అమ్మే సాక్సు కూడా నిట్టింగే. మిషన్‌లో గుండ్రంగా అమర్చిన సూదులు అదే ఉచ్చులను కొన్ని నిమిషాల్లో వేసేస్తాయి.

సాక్సు చలిదేశంలోనే పుట్టిందా?

మేనత్త అడిగినదానికి చరిత్రలో ఒక మంచి జవాబుంది. ఇప్పటికి దొరికిన పాత సాక్సులు చాలావరకు ఈజిప్టువి. మంచు కురవడం చాలా అరుదైన దేశం. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఎర్ర ఊలు సాక్సుల జత ఒకటుంది. ఈజిప్టులో నైలు నదికి దగ్గర్లోని ఆక్సిరింకస్ అనే ఊరి తవ్వకాల్లో దొరికింది, క్రీ.శ. 3 నుంచి 5 శతాబ్దాల మధ్యది. దానికి బొటనవేలికి విడిగా ఒక అర ఉంటుంది, చెప్పుతో పాటు వేసుకోవడానికి. మన ఆడవాళ్లు చెప్పుల్లో వేసుకునే వేలు సాక్సులు కొత్తగా కనిపెట్టినవేం కావన్నమాట. అయితే అది నిట్టింగ్ కాదు, ఒకే సూదితో ముడుల్లా వేసుకుంటూ పోయే అంతకంటే పాత పద్ధతి.

ఉచ్చులోంచి ఉచ్చు లాగే అసలు నిట్టింగ్‌తో చేసిన తొలినాటి సాక్సులు కూడా ఈజిప్టులోనే దొరికాయి. కొన్ని వందల ఏళ్ల తర్వాతి, ఇస్లామిక్ కాలపువి. తెలుపు, నీలం రంగుల్లో అందమైన నమూనాలున్నవి. వాటి దారం నూలు! 'సాక్సు అంటే ఊలు' అన్న లెక్క తర్వాత ఆ విద్య యూరప్ చలిలోకి వెళ్లాక బలపడింది. అక్కడ ఎంతమంది చేతులాడించినా గిరాకీకి చాలక, ఇంగ్లండ్‌లో విలియం లీ అనే ఆయన 1589లో మేజోళ్లు అల్లే యంత్రాన్నే తయారుచేశాడు.

మన వైపు కథ వేరు. ఓరుగల్లుకు నేతలో వందల ఏళ్ల పేరుంది. 1934లో నిజాం పెట్టించిన ఆజంజాహీ మిల్లు జ్ఞాపకం ఊళ్లో ఇంకా పోలేదు. కాలికి మాత్రం చెప్పు చాలు, పొలంలో అదీ లేదు. కాబట్టి ఇక్కడ సాక్సు అల్లడం అనేది అమ్మమ్మల నుంచి వచ్చిన విద్య కాదు. పసిపిల్లలకు స్వెట్టర్లు, టోపీలు అల్లిన చేతులు మన ఇళ్లలో ఉన్నాయి. ఆ చేతులకు సీదా, ఉల్టా అనే రెండు కుట్లూ ఎలాగూ వచ్చు.

'ఊలు' అనే మాటతో వచ్చిన తిప్పలు

నేను మొదటిసారి కొన్న దారం మీద పెద్ద అక్షరాల్లో ఊలు అని ఉంది, కొట్టతను కూడా "ప్యూర్ ఊల్ అక్కా" అన్నాడు. ఆ సాక్సు వేసుకుని ఒక పూట తిరిగాక కాళ్లు ఉడికిపోయాయి. మిగిలిన దారం ముక్కను అగ్గిపుల్లతో అంటిస్తే కరిగి నల్లటి గట్టి పూస అయింది. అది యాక్రిలిక్, అంటే ఒక రకం ప్లాస్టిక్. గొర్రె ఊలైతే వెంట్రుక కాలిన కంపు కొడుతుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన మసి వేళ్ల మధ్య నలిగిపోతుంది. నూలైతే కాగితం కాలిన వాసన, మెత్తని బూడిద.

మనం బజార్లో 'ఊలు' అనేది లావుగా, మెత్తగా ఉండే ఏ దారాన్నైనా. దారం వేటితో తయారైందన్నది వేరే ప్రశ్న. కాళ్లు చల్లగా ఉంటాయా, ఉడుకుతాయా అన్నది తేల్చేది ఆ రెండో ప్రశ్నే.

చెమటతో మొదలుపెడదాం. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు ఏ పోగు ఎంత నీటిని తనలో దాచుకుంటుందో బట్టల మిల్లుల వాళ్లకు లెక్కలున్నాయి. తన పొడి బరువు మీద గొర్రె ఊలు సుమారు 16 శాతం, నూలు 8, నైలాన్ 4, యాక్రిలిక్ ఒకటిన్నర. యాక్రిలిక్ సాక్సులో చెమట పోగులోకి ఇంకదు, చర్మానికీ గుడ్డకూ మధ్య నిలబడుతుంది. నా కాళ్లు ఉడికింది అందుకే.

అయితే నూలే మంచిదా అంటే, అక్కడా ఒక మెలిక ఉంది. నూలు నీటిని తాగుతుంది కానీ తొందరగా ఆరదు. పైగా దానికి స్వతహాగా సాగి ముడుచుకునే గుణం లేదు. అచ్చం నూలుతో అల్లిన సాక్సు మధ్యాహ్నానికల్లా చీలమండ దగ్గర గోనెసంచిలా జారిపోతుంది. ఊలు వెంట్రుక సహజంగా వంకీలు తిరిగి ఉంటుంది కాబట్టి లాగి వదిలితే తన చోటికి తాను వస్తుంది. కానీ ఒట్టి ఊలు మడమ దగ్గర, వేళ్ల దగ్గర రాపిడికి తొందరగా చిరుగుతుంది. అందుకే సాక్సుల కోసమే చేసే దారంలో ముప్పావు వంతు ఊలు, పావు వంతు నైలాన్ కలపడం ఎక్కువగా కనిపిస్తుంది. ఎండ ప్రాంతాలవాళ్లు నూలులో కొంచెం నైలాన్, చిటికెడు సాగే దారం కలిసినదాన్ని వెతుక్కుంటారు.

మనకు దగ్గర్లోనే అచ్చమైన ఊలు ఉంది కదా అనొచ్చు. ఉంది, గొంగడిలో. దక్కనీ గొర్రెల నల్లటి ఊలును కురుమలు వడికి, నేసి, చింతగింజల గంజి పెట్టి గొంగడి చేస్తారు. వానకూ ఎండకూ తట్టుకుంటుంది. కానీ సాక్సులకు వాడే మెరీనో అనే జాతి గొర్రె ఊలు వెంట్రుక మందం 20 మైక్రాన్ల చుట్టూ ఉంటే, దక్కనీ గొర్రెది అంతకన్నా చాలా లావు, ముతక. భుజాన కప్పుకుంటే వీరుడు, పాదానికి చుడితే ముల్లు. ఊలు అన్న పేరు ఒకటే, పని వేరు.

మేనత్త ప్రశ్నకు ఇప్పుడు నా జవాబు ఇది. ఏప్రిల్‌లో వరంగల్‌లో ఏ సాక్సూ సుఖం కాదు, ఇంట్లో అల్లినా బయట కొన్నా. డిసెంబరు, జనవరిలో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు రాత్రి చలి ఒంటి అంకెకు దిగినప్పుడు ఊలు కలిసిన సాక్సు తన విలువ తానే చెప్తుంది. మధ్యలో ఉన్న రోజులకు, రోజంతా షూ వేసుకునే ఉద్యోగాలకు, నూలు కలిసినది.

సీదా, ఉల్టా, ఆ రెంటితో పట్టీ

నిట్టింగ్‌లో కుట్లు నిజానికి రెండే. ఉచ్చును వెనక నుంచి ముందుకు లాగితే సీదా, ముందు నుంచి వెనక్కి తోస్తే ఉల్టా. ఒకే కుట్టుకు ఇవి రెండు ముఖాలు. ఇటు వైపు సీదా అయినది అటు తిప్పి చూస్తే ఉల్టాగా కనిపిస్తుంది. బనీనుకు లోపలి వైపు, బయటి వైపు వేరుగా ఉండేది ఇందుకే.

సాక్సు పైన బిగుతుగా పట్టుకునే పట్టీ చేతి అల్లికలో చాలామంది అనుకున్నట్టు ఎలాస్టిక్ వల్ల రాదు. రెండు సీదా, రెండు ఉల్టా, మళ్లీ రెండు సీదా. ఇలా వేసుకుంటూ పోతే సీదా గీతలు ముందుకు పొడుచుకొస్తాయి, ఉల్టా గీతలు వెనక్కి నక్కుతాయి. గుడ్డ మడతల విసనకర్రలా తనంతట తానే ముడుచుకుంటుంది. కాలు దూరినప్పుడు విచ్చుకుంటుంది.

మడమ తప్ప మిగతా సాక్సంతా ఒట్టి సీదాయే. నాలుగు సూదుల మీద ఉచ్చులను చతురస్రంలా పంచి, ఐదో సూదితో గుండ్రంగా తిరుగుతూ పోతే కుట్టు లేని గొట్టం తయారవుతుంది. చూసేవాళ్లకు ఐదు సూదులు కనిపించి భయం వేస్తుంది కానీ, ఏ క్షణంలోనైనా పని చేసేవి రెండే. మిగతా మూడూ ఉచ్చులను పట్టుకుని ఊరికే వేలాడుతుంటాయి. రెండు చివర్లను వైరుతో కలిపిన గుండ్రటి సూది ఒక్కటి వాడేవాళ్లూ ఉన్నారు. గుడ్డలో తేడా రాదు.

గొట్టానికి మడమ ఎలా వస్తుంది: ఒక పాదం లెక్క

ఇక్కడ కొత్తవాడ పెద్దాయన ప్రశ్న దగ్గరికి రావాలి. "అంగుళానికి ఎన్ని?" నేత మనిషి కాబట్టి సూటిగా అసలు చోటే పట్టుకున్నాడు. సూది లావు, దారం లావు, చెయ్యి బిగుతు, ఈ మూడూ కలిసి అంగుళానికి ఎన్ని కుట్లు పడతాయో తేలుస్తాయి. ఒకే దారం, ఒకే సూది ఇచ్చినా నా కుట్లూ మా చెల్లె కుట్లూ సమానంగా రావు. అందుకే 'ఏడో నంబరు సాక్సుకు ఇన్ని కుట్లు' అని ఎవరైనా చెప్పేది వాళ్ల చేతికే సరిపోతుంది.

రెండున్నర మిల్లీమీటర్ల లోపు సూదితో, సన్నటి సాక్సు దారంతో నాకు అంగుళానికి 8 కుట్లు, నిలువునా 11 వరసలు వస్తాయనుకుందాం. పాదం వేళ్ల మొదట్లో, వెడల్పుగా ఉన్నచోట చుట్టుకొలత 9 అంగుళాలు. సాక్సు కూడా 9 అంగుళాలే ఉంటే జారుతుంది. పదో వంతు తగ్గించాలి. 8.1 అంగుళాలు. దాన్ని 8తో గుణిస్తే 64.8. పట్టీ రెండు, రెండుగా పోతుంది కాబట్టి నాలుగుతో భాగించగలిగే దగ్గరి అంకె, 64. ఈ అంకెతోనే మిగతా లెక్కంతా.

64 కుట్లతో పై నుంచి కిందికి ఐదు అంగుళాల గొట్టం. ఇప్పుడు మడమ. మన పాదం గొట్టం కాదు, మూలమలుపు. గొట్టాన్ని అలాగే వంచితే ముందు ముడతలు పడతాయి, వెనక గుంజుకుపోతుంది. వెనక ఎక్కువ గుడ్డ కావాలి, ముందు అక్కర్లేదు. అందుకని 64లో సగం, 32 కుట్లను ఊరికే ఆపి, మిగతా 32 మీద మాత్రం అటూ ఇటూ 32 వరసలు వేస్తారు. మడమ వెనక నిలబడే చిన్న చతురస్రం అది. ప్రతి వరసలో మొదటి కుట్టును అల్లకుండా జరుపుతారు కాబట్టి రెండు అంచుల మీదా పదహారేసి పెద్ద ఉచ్చులు వరసగా నిలుస్తాయి.

తర్వాత వచ్చేదే అందరూ భయపడే మలుపు. 32 కుట్లలో మధ్యకు కాస్త అవతల దాకా వెళ్లి, రెండు కుట్లు కలిపి ఒకటి చేసి, ఇంకొకటి వేసి, వరస పూర్తి కాకుండానే వెనక్కి తిరుగుతారు. అటు వైపూ అంతే. ఒక్కో తిరుగుడుకు ఒక కుట్టు తగ్గుతుంది, నడిచే దూరం ఒక కుట్టు పెరుగుతుంది. మొదట మధ్యలోని కొంచెం చోట, తర్వాత కొంచెం వెడల్పుగా, ఆ తర్వాత ఇంకొంచెం. గుడ్డ మధ్యలో వరసలు ఎక్కువ పడతాయి, అంచుల్లో తక్కువ పడతాయి. దాంతో అది బల్లపరుపుగా ఉండలేక, గిన్నె అడుగులా గుండ్రంగా తిరుగుతుంది. ఒక్కో వైపు ఏడు, మొత్తం 14 కుట్లు తగ్గి 18 మిగులుతాయి. మొదటిసారి ఆ గిన్నె చేతిలో తేలినప్పుడు నేను మా ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. ఎవరికీ అర్థం కాలేదు.

ఇక కూడికలు, తీసివేతలే. మడమవి 18, రెండు అంచుల నుంచి ఎత్తుకున్న 16, 16, ముందు ఆపి ఉంచిన 32. మొత్తం 82. కావలసింది 64. అంటే 18 ఎక్కువ. ఒక చుట్టు విడిచి ఒక చుట్టులో రెండేసి తగ్గిస్తే తొమ్మిది సార్లకు, అంటే 18 చుట్లకు సరిపోతుంది. చీలమండ పక్కన త్రికోణంలా కనిపించే ముక్క ఇదే. తర్వాత తిన్నగా పోయి, వేళ్ల చివరికి రెండు అంగుళాల ముందు నుంచి నాలుగేసి తగ్గిస్తారు. మొదట చుట్టు విడిచి చుట్టు, 32కు వచ్చాక ప్రతి చుట్టూ. 16 మిగిలాక ఎనిమిది ఎదురుగా ఎనిమిది పెట్టి, దబ్బనం లాంటి సూదితో వాటి మధ్య ఇంకో వరస పుట్టినట్టుగా అతుకుతారు. వేళ్లకు గుచ్చుకునే గీత ఉండదు. ఈ అతుకును కిచెనర్ కుట్టు అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ యుద్ధమంత్రి పేరు. 1902 నుంచి 1909 దాకా మన దేశంలో బ్రిటిష్ సైన్యాధిపతి కూడా ఆయనే.

పై నుంచా, వేళ్ల నుంచా

ఇందులో రెండు వర్గాలున్నాయి, రెండూ పట్టు విడవవు. నేను చెప్పింది పై నుంచి కిందికి. వేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి అల్లేవాళ్లు చెప్పే కారణం బలమైనదే. దారాన్ని ముందే సగం సగం తూచి పెట్టుకుంటే, అయిపోయేదాకా అల్లి ఆపేయొచ్చు. మధ్యలో కాలికి తొడిగి కొలత చూసుకోవచ్చు. చివరి అతుకు బాధ లేదు. మన దగ్గర మంచి సాక్సు దారం దొరకడమే కష్టం కాబట్టి, తెప్పించుకున్న ఉండలో ఒక్క మూర కూడా వృథా కాకపోవడం చిన్న లాభం కాదు.

పై నుంచి అల్లేవాళ్లు చెప్పేది మడమ గురించి. అంచుల ఉచ్చులతో వచ్చే ఆ చతురస్రపు మడమ ఎత్తైన పాదానికి బాగా కూర్చుంటుంది, మందంగా కూడా ఉంటుంది. వేళ్ల నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా వాడేది, చతురస్రం లేకుండా వరస పూర్తి కాకుండానే వెనక్కి తిరుగుతూ అల్లే పొట్టి వరసల మడమ. దానికి కుట్లు ఎత్తే పని ఉండదు, త్రికోణం ఉండదు, చూడ్డానికి బజారు సాక్సులా నీటుగా ఉంటుంది. కానీ పాదం ఎత్తుంటే మడతలో గుంజుతుంది. ఏ మడమైనా ఏ వైపు నుంచైనా వేయొచ్చు, కొంచెం లెక్క మార్చుకుంటే చాలు. గొడవ అలవాటు గురించే అని నా అనుమానం. నా పాదం ఎత్తు, అందుకని నేను పై నుంచే.

వందకు మూడు జతలు

ఆ మూడో ప్రశ్నను తప్పించుకోలేం. పై లెక్కలోని సాక్సులో కుట్లు కూడితే సుమారు తొమ్మిదిన్నర వేలు. జతకు పంతొమ్మిది వేలు. నిమిషానికి 25 కుట్లు వేసే చెయ్యికి 760 నిమిషాలు, అంటే పన్నెండున్నర గంటలు దాటుతుంది. కొత్తవాళ్లకు ఇంకా ఎక్కువ. ఏ కూలి లెక్కన కట్టినా ఆ జతను అమ్మి బతకలేం. 'ఇంట్లో కూర్చుని సాక్సులు అల్లి సంపాదించండి' అని ఎవరైనా అంటే ఈ గుణకారం వాళ్ల ముందు పెట్టండి.

మరి ఎందుకు? కొందరు టెన్షన్ తగ్గుతుందంటారు. తగ్గే మాట నిజమే, 82 నుంచి 64కు వచ్చే చుట్లలో ఫోన్ గుర్తు రాదు. మడమ తప్పి రాత్రి పదకొండింటికి ముప్పై వరసలు విప్పాల్సి వచ్చినప్పుడు అదే టెన్షన్ వడ్డీతో తిరిగొస్తుంది, అది కూడా నిజమే. కొందరు మన్నిక అంటారు. చిల్లు పడితే రఫు చేసుకోవచ్చు, బజారు సాక్సైతే పారేస్తాం అంటారు. బజారు సాక్సుకూ రఫు చేయొచ్చు, ముప్పై రూపాయల దానికి ఎవరూ చేయరు, అంతే. నాకు నచ్చే కారణం వేరు. మా నాన్నకు ఒక పాదం ఇంకో పాదం కంటే కొంచెం వెడల్పు. ఒకటి 64తో, ఒకటి 68తో అల్లాను. అలాంటి జత ఏ దుకాణంలోనూ ఉండదు.

ఇక మిగిలింది రెండో సాక్సు. మొదటిది ఉత్సాహంతో అయిపోతుంది, రెండోది సూదుల మీద నెలల తరబడి పడి ఉంటుంది. దీనికి సగం కారణం బద్ధకం, సగం కారణం మొదటిదాన్ని అంగుళాల్లో కొలవడం. గుడ్డ సాగుతుంది కదా, టేపు ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తుంది, రెండోది పొట్టో పొడుగో అవుతుంది. అందుకని ఇప్పుడు వరసలే లెక్కపెడుతున్నాను. పెళ్లికి తీసుకెళ్లిన ఆ సాక్సు వివరాలు పాల లెక్క రాసే పుస్తకం వెనక పేజీలో ఉన్నాయి: పట్టీ 15, కాలు 40, మడమ 32, తగ్గింపు 18, పాదం 40, వేళ్లు 20. దాని జోడు నిన్నటికి తగ్గింపు పదకొండో చుట్టులో ఉంది.